ఎఫ్ షార్ప్ గంట గారికి, ఒక్క సంతకం విషయమై

మహారాజశ్రీ ఎఫ్ షార్ప్ గారికి,

హన్మకొండ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా పరువు తప్ప అందరం క్షేమం. మీరు స్పాంజి పరుపు మీద, మూత పెట్టిన పెట్టెలో, డిసెంబరు చలి తగలకుండా పడుకున్నారని తెలుసు. పడుకోబెట్టింది నేనే.

మా చర్చికి మీరు 25 మంది కుటుంబంగా వచ్చారు. అమెరికాలో ఏదో చర్చి కొత్త హ్యాండ్‌బెల్స్, అంటే ఒక్కోటి ఒక్కో స్వరం పలికే చేతి గంటలు, కొనుక్కుని, పాతవి మావాళ్లకు ఇచ్చేసింది. అందులో ఎఫ్ షార్ప్ అనే స్వరం మీది. పెట్టె తెరిచిన రోజు, లోహపు పనికి పేరుపడ్డ పెంబర్తి నుంచి వచ్చిన మా మేనమామ మీలో పెద్దాయన్ని గోటితో మీటి, "మంచి కంచురా అల్లుడా, కిలో ఎంత పడ్తది?" అన్నాడు. ఆయనది తప్పనలేం. దాదాపు ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు తగరం. పెంబర్తి మనిషికి ముందు కనపడేది అదే. మాకేమో మిమ్మల్ని గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దన్నారు, చెమట తగిలితే మచ్చ పడుతుందట. మా ఇంట్లో పెళ్లికొడుకును కూడా ఇంత సుకుమారంగా చూడలేదు.

మనిషికి రెండేసి చొప్పున మిమ్మల్ని పట్టుకోవాలంటే డజను మంది పైనే కావాలి. ప్రాక్టీసుకు వచ్చింది మా అక్క, నేను. కీబోర్డయితే ఒక్కడు వాయించినా పదిమంది వాయించినట్టుంటుంది, అందుకని కుర్రాళ్లంతా అటే పోయారు. అలా మాది డ్యూయెట్ అయింది. అక్కకు 12 గంటలు, నాకు 13. కొన్నిచోట్ల ఒక్కో చేతిలో రెండేసి, రెండు దిక్కులకు తిప్పి పట్టుకోవాలి. మొదటి వారం నేను గంట ఊపితే అక్క, "బట్టలు దులిపినట్టు కాదురా, గుండ్రంగ తిప్పు" అని తిట్టింది.

కంచు మోగుతుందని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. దాన్ని ఆపడమే అసలు పనని ఏ పంతులూ చెప్పలేదు. కొట్టి వదిలేస్తే మీ మోత పక్క స్వరంలోకి పారుతుంది. సమయానికి భుజానికి ఆనించి నోరు మూయించాలి. ఇంట్లో ఎవరినీ ఆపలేని నేను పదమూడు నోళ్లు మూయించాలన్నమాట.

ఇక మీ సంగతి. మా పాట సి మేజర్‌లో, ఆ స్వరాల వరసలో మీ పేరే ఉండదు. మొత్తం 64 బార్లు, అంటే తాళం లెక్కన కోసిన 64 ముక్కలు. అందులో మీకు డ్యూటీ 41వ బార్లో, ఒక్కసారి. ఫైలంతా గుమాస్తాలు మోస్తే, మధ్యలో వచ్చి ఒక్క సంతకం పెట్టి మళ్లీ పడుకునే ఆఫీసరు మీరు. ఆ సంతకం లేకపోతేనేమో ఫైలు కదలదు. పైగా మీ శాఖలో కాగితం మీద రాసేదొకటి, జరిగేదొకటి: ఏ స్వరం రాసినా మోగేది ఒక స్థాయి పైన.

మీ వంశచరిత్ర కూడా చూశాను లెండి. ఇంగ్లండులో చర్చి గోపురం గంటల తాళ్లు లాగేవాళ్లు, ఊరి నిద్ర చెడగొట్టకుండా లోపల కూర్చుని లెక్క నేర్చుకోవడానికి మిమ్మల్ని వాడుకున్నారు. అంతవరకు గౌరవమే. 1840లలో బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి, లాంకషైర్ గంటల బృందానికి స్విస్ దుస్తులు తొడిగి, స్విట్జర్లాండ్ వాళ్లని చెప్పి అమెరికాలో తిప్పాడు. లోకల్, నాన్ లోకల్ సర్టిఫికెట్ల కోసం కోర్టుల దాకా పోయిన ప్రాంతం మాది. ఇది మాకు చిన్న విషయం కాదు.

సరే, క్రిస్మస్ ముందటి ఆదివారం. మైకు కుర్రాడు ఎకో మొత్తం పెంచాడు. మేం కష్టపడి ఆపిన ప్రతి గంటనూ వాడు మళ్లీ మోగించాడు. అయినా 38 దాకా లెక్క తప్పలేదు. 39వ బార్లో ముందు వరస పిల్లాడు లేచి, "అమ్మా, పీచుమిఠాయి బండొచ్చింది!" అన్నాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. చెయ్యి వెళ్లి మీ పక్కనున్న ఎఫ్‌ను తీసింది. సంతోషంగా వినిపించే మేజర్ కావలసిన కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) దిగులుగా వినిపించే మైనరైంది. క్రీస్తు పుట్టుక పాటలో ఒక్క క్షణం ఎవరో పోయిన కబురొచ్చినట్టు వినిపించింది. అక్క తల తిప్పలేదు. కళ్లు మాత్రమే తిప్పింది.

అక్కడితో వదిలేయవచ్చుగా మీరు? పాస్టర్ గారు చేతులెత్తి ఆశీర్వాదం మొదలుపెట్టారు. చర్చి అంతా కళ్లు మూసుకుంది. టేబుల్ అంచున ఉన్నారని నేను మిమ్మల్ని మెల్లగా లోపలికి జరపబోయాను. అంతే, సాయంత్రమంతా దొరకని సంతకం అప్పుడు పడింది. అంత స్వచ్ఛంగా, అంత నిండుగా మిమ్మల్ని ఎప్పుడూ వినలేదు. ఆపుదామంటే భుజం గుర్తురాలేదు. అయిపోయిందనుకుని వెనక వరస అవ్వలంతా "ఆమేన్" అన్నారు. పాస్టర్ గారు ఇంకా సగంలోనే ఉన్నారు.

స్కూటీ మీద ఇంటికి వస్తుంటే, వేయిస్తంభాల గుడి దాటేదాకా అక్క పలకలేదు. తర్వాత చెప్పింది: "ఈస్టర్‌కు డి మేజర్ పాట తీస్తున్నరా. దాన్ల ఎఫ్ షార్ప్ ముప్పై ఎనిమిదిసార్లున్నది. లెక్కవెట్టిన."

తమరికి ముందుగా తెలియజేయడమైనది. నిద్ర చూసుకోండి.

ఇట్లు,
మీ పక్కింటి ఎఫ్‌ను మోగించినవాడు