పడవ అడుగున కాపురమున్న ఆటోమేటిక్ పంపు గారికి

చెన్నై,
కార్తీక మాసం, వాన తెరిపిచ్చిన ఆదివారం.

శ్రీ బిల్జ్ పంపు గారికి,
మా పడవ అడుగు, అమరం (వెనక) వైపు మూల.

అయ్యా,

మిమ్మల్ని తెచ్చుకుని మూడేళ్ళయింది. ఇదే నా మొదటి ఉత్తరం. ఇంట్లో మిక్సీతో కూడా అప్పుడప్పుడూ రెండు మాటలు మాట్లాడే మనిషిని, మిమ్మల్ని మాత్రం ఒక్కసారైనా పలకరించలేదు. పలకరించే పని పెట్టకపోవడమే మీ గొప్పతనమని అమ్మినాయన చెప్పాడు. "బిగించేసి మర్చిపోండి సార్" అన్నాడు. బిగించడం ఏదో అయిందనిపించాం. మర్చిపోవడం మాత్రం చాలా శ్రద్ధగా చేశాం.

పడవ లేనివాళ్ళు (అంటే బుద్ధిమంతులు) కూడా చదువుతారు కాబట్టి మీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు. పడవ లోపల, కాళ్ళు పెట్టుకునే చెక్కల కింద, అన్నిటికన్నా పల్లపు చోటు ఒకటి ఉంటుంది. దాన్నే బిల్జ్ అంటారు. పడవలో ఎక్కడ ఏం కారినా చేరేది అక్కడికే. వాననీళ్ళు, ఐసు పెట్టెలో కరిగిన నీళ్ళు, ఇంజను కార్చిన నూనె, మా బావ ఒలకబోసిన ఫిల్టర్ కాఫీ. ఆ చీకట్లో మీరు, మీ పక్కన మీ తమ్ముడు ఫ్లోట్ స్విచ్. నీళ్ళు పెరిగితే అతను తేలతాడు. అతను తేలితే మీరు తిరుగుతారు. నీళ్ళు గొట్టంలోంచి బయటికి పోతాయి, అతను కిందికి వాలతాడు, మీరు మళ్ళీ పడుకుంటారు. మా అపార్టుమెంటు సంపు మోటారుదీ ఇంచుమించు ఇదే పద్ధతి. కాకపోతే అది ఆగిపోతే సెక్రటరీ తలుపు కొట్టడానికి ముప్ఫై ఆరు కుటుంబాలున్నాయి. మీరు ఆగిపోతే తలుపు కొట్టేది సముద్రం ఒక్కటే.

నేను టీ నగర్‌లో ముప్ఫై ఏళ్ళు ఆడిటరుగా బతికినవాణ్ణి. పడవ నా ఆలోచన కాదు. బావ రిటైరయ్యాక వచ్చిన డబ్బు బ్యాంకులో ఊరికే ఉండటం చూడలేక, "మద్రాసు ఎలాగూ మనకి రాలేదు, సముద్రమైనా వాడుకుందాం రా" అన్నాడు. అక్క నా వైపు చూసింది, నేను ఆపుతానని. నేను ఆపలేదు. అలా ఇరవై ఆరు అడుగుల సెకండ్ హ్యాండ్ ఫైబర్ పడవ మా ఇద్దరి నెత్తినా పడింది.

ఇక్కణ్ణుంచి మీరు, గారు ఆపేస్తున్నాను. విషయంలోకి వస్తే మర్యాద నిలవదు.

ఆయుధ పూజ నాడు బావ పడవకి కూడా పూజ చేశాడు. చుక్కానికి బంతిపూల దండ, ఇంజనుకి కుంకుమ, అన్నీ అయ్యాయి. నిమ్మకాయల దగ్గర చిక్కొచ్చింది. కారైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. చక్రాలు లేని బండికి నిమ్మకాయ ఎక్కడ పెట్టాలి? బండ్లు ఓడలౌతాయని విన్నాను కానీ ఈ సందేహం ఎవరికీ వచ్చినట్టు లేదు. అరగంట చర్చించి, నాలుగు కాయలూ ఇంజను చుట్టూ పెట్టేశాం. పులిహోర తిన్నాం. మెయిన్ స్విచ్ ఆపేసి ఇంటికొచ్చేశాం. ఒక కాయ అప్పటికే బయలుదేరింది.

అది దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నీ తమ్ముడి చెయ్యి కింద ఇరుక్కుంది. నీళ్ళు లేకుండానే అతను తేలాడు. నువ్వు తిరగడం మొదలుపెట్టావు. మెయిన్ స్విచ్ ఆపాం కదా అంటావేమో. నీ కనెక్షన్ దాని మీదుగా పోదు. మేము లేనప్పుడు కూడా నువ్వు పనిచేయాలని ఒక ఫ్యూజు వేసి నిన్ను తిన్నగా బ్యాటరీకే కలిపారు. అదే సరైన పద్ధతి కూడా. నువ్వు మూడు, నాలుగు ఆంపియర్లు తాగుతావు. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైనా నీ ముందు ఒకటిన్నర రోజుకి మించి నిలవదు. మాది కొత్తదేమీ కాదు. మర్నాడు సాయంత్రానికి పడవలో నువ్వూ బ్యాటరీ ఇద్దరూ చల్లబడిపోయారు.

తొమ్మిదో రోజు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, బోటు కొంచెం కిందికి కూర్చున్నట్టుంది."

కొంచెమే. వెళ్ళి చూస్తే లోపల మోకాలి లోతు నీళ్ళు. లైఫ్ జాకెట్లు తేలుతున్నాయి, ఆ మాట వరకు అవి నిజాయితీపరులు. కుషన్లు నీళ్ళు పీల్చి ఒక్కొక్కటీ బస్తా అయ్యాయి. పులిహోర డబ్బా మూత ఊడకుండా గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి షికారు చేస్తోంది.

ఈశాన్య వానల మొదటి విడత పడిందని బావ వరుణుడి మీదికి తోసేయబోయాడు. నేను నాలిక మీద ఒక చుక్క వేసుకున్నాను. ఉప్పు. వానకి ఉప్పుండదు.

పెద్దాయన వచ్చాడు. నెల్లూరు వైపు సముద్రపుటొడ్డు మనిషి, కాశిమేడు చేపల రేవు చేరి నలభై ఏళ్ళు. వాళ్ళ నాన్న బకింగ్‌హామ్ కాలువ మీద పడవ నడిపాడట. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఎన్నూరు వైపు తవ్వడం మొదలై, 1877-78 కరువు పనుల్లో కూవం నదినీ అడయారునీ కలిపిన కాలువ అది. మన కోస్తా బియ్యం ఒకప్పుడు దాని మీదే మద్రాసు చేరేది. ఇప్పుడు నగరంలో దాని నిండా లోకల్ రైలు స్తంభాలు, మధ్యమధ్య మురుగు. వాళ్ళ నాన్నకి పడవ ఎక్కగానే మొదటి పని అడుగు చెక్క ఎత్తి చూడటం, రెండోది చుట్ట ముట్టించడం. మేము తిన్నగా రెండో పనికొచ్చేశాం, చుట్ట బదులు ఫిల్టర్ కాఫీ.

ఆయన నీళ్ళు తోడాడు, నేనూ తోడాను, బావ వీడియో తీశాడు. అడుగు కనిపించాక బయటపడింది అసలు సంగతి. సింకు నీళ్ళు బయటికి పోయే గొట్టం పడవ ఒంట్లోకి దిగే చోట ఒక కాక్ (తిప్పి మూసే కొళాయి లాంటిది) ఉంది, నీటిమట్టానికి ఒక అడుగు కింద. దాని మీద గొట్టాన్ని పట్టుకోవాల్సిన క్లిప్పు తుప్పుపట్టి తెగింది. గొట్టం వదులై, పక్క నుంచి సన్నటి ధార. వాచీ పెట్టి మగ్గుతో పట్టాను. గంటకి ఐదు లీటర్లు. నువ్వు ఆగిపోయిన ఎనిమిది రోజులకి తొమ్మిది వందల అరవై లీటర్లు. మిగతాది వాన. లెక్క సరిపోయింది, ఆడిటరుకి క్షణం పాటు సంతోషం కూడా వేసింది.

ఆ తర్వాతే గుండె జారింది. ఆ ధార తొమ్మిది రోజుల కిందట మొదలైంది కాదు. ఉగాదికి పడవ పక్కన నిలబడి మేమంతా తీసుకున్న ఫోటో ఫోన్లో పెద్దది చేసి చూశాను. నీ గొట్టం నీళ్ళు కక్కే రంధ్రం కింద పడవ ఒంటి మీద పచ్చటి చార ఉంది. రోజూ తడిసేచోట పట్టే నాచు అది. అప్పుడు అక్క ఆ చారని చూసి "డిజైన్ బాగుందే" అంది కూడా.

అంటే ఆరు నెలలుగా, రోజుకి నూట ఇరవై లీటర్ల చొప్పున, నువ్వు గుట్టుగా తోడి పోస్తున్నావన్నమాట. ఇరవై ఒక్క వేల ఆరు వందల లీటర్లు! ఎండాకాలంలో మా అపార్టుమెంటుకి వచ్చే తొమ్మిది వేల లీటర్ల లారీలు రెండు నింపినా ఇంకా మిగులుతాయి. ఇంత చెల్లింపు, ఒక్క వోచరు లేదు. రిజిస్టరు లేదు. ఏ క్లయింటైనా ఇలా చేస్తే నేను సంతకం పెట్టేవాణ్ణా? నా సొంత పడవలో మాత్రం ఆరు నెలలు కళ్ళు మూసుకుని పెట్టాను.

నా అభ్యంతరం అర్థమైందా? నువ్వు పని ఎగ్గొట్టావని కాదు. అడగకుండా, చెప్పకుండా, ఇంత బాగా చేశావని. ఇదే మాట పెద్దాయనతో అన్నాను. ఆయన నీ వైపు చూడనుకూడా చూడలేదు. "చేత్తో తోడితే నిన్నటి కన్నా ఇయ్యాల ఎక్కువొచ్చాయని నడుమే చెప్పుద్ది సామీ. దీనికి నడుం యాడుంది?" అన్నాడు.

ఇక నీ వంటి మీద రాసుకున్న అంకె సంగతి. 1100 అని గొప్పగా అచ్చు వేయించుకున్నావు. గంటకి 1100 గ్యాలన్లట, అంటే నాలుగు వేల లీటర్ల పైమాట. అది గొట్టం పైకెక్కే పని లేకుండా, నిండు బ్యాటరీతో కొలిచిన అంకె. మా పడవలో నీళ్ళు మీటరు పైకెక్కాలి, మేము వేసింది లోపల ముడతలున్న చవక గొట్టం, బ్యాటరీ ముసలిది. సగం వచ్చినా దండం పెట్టాలి. అదే ఆ కాక్ మొత్తం ఊడొచ్చి అంగుళం కన్నం పడి ఉంటే, అడుగు లోతులో నిమిషానికి నలభై లీటర్ల పైనే లోపలికొచ్చేవి. నువ్వు ప్రాణం పెట్టి తోడినా గెలిచేది సముద్రమే. బ్యాలెన్స్ షీటులో ఆస్తి విలువ పెంచి చూపించేవాళ్ళని చాలామందిని చూశాను, నీ అంత నిబ్బరం ఎవరికీ లేదు.

కాక్ అంటే గుర్తొచ్చింది. దాన్ని కొన్న ఘనత బావది. ప్యారీస్ కార్నర్ వెనక తంబుశెట్టి వీధి, లింగిశెట్టి వీధి అనే బోర్డులు చూసి మనవాళ్ళ పేటే అనుకుని తెలుగులో బేరం మొదలుపెట్టాడు. అవతలాయన తమిళంలో జవాబు చెప్పి, హిందీలో లెక్క వేసి, మామూలు ఇత్తడిది చేతిలో పెట్టాడు. ఇంట్లో కొళాయికి అది బంగారం. ఉప్పునీళ్ళలో మాత్రం ఇత్తడిలోని జింకు మెల్లిగా కరిగిపోతుంది, మిగిలిన రాగి గుల్లబారి గులాబీ రంగుకి తిరుగుతుంది. పెద్దాయన స్క్రూడ్రైవరుతో గీకితే మా కాక్ కొత్త పెళ్ళికూతురి బుగ్గలా ఎర్రబడింది. ఇంకో వానాకాలం చూసేది కాదది. సముద్రం పడవకి కంచుదే వాడాలని బావకి అప్పుడే చెప్పానని నాకు గట్టిగా గుర్తు. బావకి గుర్తు లేదు.

నీ నోటికున్న జల్లెడ విప్పితే దొరికిన సామాను: మల్లెపూల దారం, పిన్నీసు, అక్క జుట్టు కొంత, నానిన శనగలు, సుండల్ (గుగ్గిళ్ళ) పొట్లం కాగితం. ఆ కాగితం ముక్కే ఒకటి పైన డెక్కు నీళ్ళు బయటికి పోయే రంధ్రానికి కూడా అడ్డం పడింది. అందుకే వాన బయటికి పోవాల్సింది లోపలికొచ్చింది. ఇందులో నీ తప్పేం లేదని ఒప్పుకుంటున్నాను.

నీ పొరుగున ఉన్న టాయిలెట్టు గారి గురించి ఎక్కువ రాయను, భోజనాల వేళ. చేతి పంపుతో నడిచే ఆ మహానుభావుడి గొట్టంలో వెనక్కి రాకుండా ఆపే రబ్బరు వాల్వు మీద సున్నంలాంటి గార కట్టి, వాల్వు మూసుకోవడం మానేసింది. వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే కరిగింది. అక్క ఆ సీసా మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. పెద్ద ఓడల మురుక్కి అంతర్జాతీయ నియమం ఉందని, శుద్ధి చేయనిది ఒడ్డుకి 12 నాటికల్ మైళ్ళ అవతలే వదలాలని, అంటే ఇరవై రెండు కిలోమీటర్లని బావ ఎక్కడో చదివి, మా చిన్న పడవ కూడా అలాగే నడుచుకోవాలన్నాడు. సంతోషం. ఆయన ఆ మాటన్నప్పుడు గాలి దక్షిణం నుంచి వీస్తోంది. హార్బరుకి దక్షిణాన కూవం నది మొత్తం నగరాన్ని మోసుకొచ్చి సముద్రంలో కలుపుతోంది, ఏ మైలూ లెక్కపెట్టకుండా. అందరం ముక్కులు మూసుకుని నియమాన్ని ఆమోదించాం.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని సామెత. నీ విషయంలో మేము ఎక్కిన తర్వాత కూడా మల్లయ్య అనలేదు. అది ఒప్పుకుని, ఇప్పటి ఏర్పాట్లు చెబుతున్నాను. నువ్వు ఎన్నిసార్లు తిరిగావో లెక్కపెట్టే చిన్న మీటరు ఒకటి నీకు తగిలించాం. నీ తమ్ముడికి జానెడు పైన ఇంకో ఫ్లోటు, దానికి గంట. కంచు కాక్, ప్రతి గొట్టానికీ తుప్పుపట్టని క్లిప్పులు రెండేసి. కాక్ పక్కనే తాడుతో కట్టిన కొయ్య బిరడా, ఏదైనా ఊడితే దిగ్గొట్టడానికి. ఒక బకెట్టు. బావ వీటన్నిటికీ బదులు రెండో ఆటోమేటిక్ పంపు పెట్టేద్దాం, ఇక చూడక్కర్లేదన్నాడు. ఆయన మాట మినిట్స్‌లో రాశాను, ఆమోదించలేదు.

నిన్నటికి మీటరులో సున్నా. ఈ పొద్దున మూడు. ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడటానికి చెక్క ఎత్తబోతున్నాను, అందుకే ఉత్తరం ఇంతటితో ఆపుతున్నాను.

ఇట్లు,
నీ యజమానుల్లో ఒకడు (సగం వాటా)

తా.క. ఆ నిమ్మకాయని పారేయబోతే పెద్దాయన ఆపాడు. ఎనిమిది రోజులు ఉప్పునీళ్ళలో ఊరింది కదా సామీ, కారం కలిపేస్తే సరి అన్నాడు. అక్క ఇంకా నవ్వలేదు.