చిరంజీవి వయొలిన్ బిట్టుకు బాబాయి ఆశీర్వదించి వ్రాయునది

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఎలా ఉన్నావని అడగక్కర్లేదు. ఏ ఊళ్ళో ఏ డీజే పెట్టె విప్పినా నీ కేక వినిపిస్తూనే ఉంది.

నేనెవరో గుర్తుపట్టలేదు కదూ? పట్టవులే. ఫారిన్ వెళ్ళినవాళ్ళకి బాబాయిలు గుర్తుకు రావాలంటే ఊళ్ళో స్థలం రేటు పెరగాలి. నేనే చెప్పుకుంటాను. నువ్వు పుట్టింది 1981లో, 'ఏక్ దూజే కే లియే' అనే హిందీ సినిమాలో, 'తేరే మేరే బీచ్ మే' అనే పాట లోపల. ఆ సినిమాకి కన్నతల్లి మన 'మరో చరిత్ర'. 1978లో బాలచందర్ గారు విశాఖ సముద్రం ఒడ్డున నలుపు తెలుపుల్లో తీసిన కథకే రంగులద్ది హిందీలో మళ్ళీ తీశారు. డబ్బు పెట్టిన ఎల్వీ ప్రసాద్ గారిది ఏలూరు పక్క ఊరు. పాడినవాళ్ళలో ఒకరు లతా మంగేష్కర్, రెండోవారు మన బాలు. ఇన్ని చుట్టరికాలున్నాక నిన్ను 'మావాడు' అనుకోవడానికి తెలుగువాడికి ఇంకేం కావాలి? అమెరికాలో ఎవరికి ఏ పదవి వచ్చినా, వాళ్ళ ముత్తాతది ఏ తాలూకానో మధ్యాహ్నం భోజనాల వేళకి తేల్చేసే జాతి మాది.

నువ్వు నాకు దొరికింది మా మేనల్లుడి సంగీత్‌లో. విజయవాడ దాటాక హైవే పక్కన ఫంక్షన్ హాలు. ఏడు నుంచి తొమ్మిది దాకా లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా, ఆ తర్వాత డీజే అని ఏర్పాటు. తొమ్మిది కొట్టకుండానే డీజే కుర్రాడు ఏదో తిప్పాడు. నా ముందున్న ఐస్‌క్రీం కప్పులో చెంచా గజగజలాడింది. అప్పుడు వచ్చావు నువ్వు. గాజు మీద గోరు జారినట్టు పైనుంచి కిందికి ఒక్క జారు, అంతలోనే మాయం, అంతలోనే మళ్ళీ. మా పెద్దక్క మోకాళ్ళ నొప్పుల మనిషి, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఒరే, ఇది బాలు పాట కదురా!"

పెళ్ళికొడుకు ఫోను గాల్లోకి ఎత్తి పాటకి వినిపించి, తెర చూపించాడు. "కాదు పెద్దమ్మా. బ్రిట్నీ స్పియర్స్. టాక్సిక్."

"ఆ పిల్లెవరో నాకు తెలీదు. ఆ వయొలిన్లు మాత్రం నాకు తెలుసు" అంది అక్క. ఆవిడ ఆ సినిమా మూడుసార్లు చూసింది, మూడోసారి బావగారికి చెప్పకుండా. అలాంటి మనిషితో వాదించకూడదు. ఫోను చెప్పిందీ నిజమే, అక్క చెప్పిందీ నిజమే.

సరే, నీ ఫారిన్ కథ నాకు తెలిసినంత వరకూ నీకే చెబుతాను, ఎక్కడైనా తప్పితే సర్దుకో. స్టాక్‌హోమ్‌లో క్రిస్టియన్ కార్ల్‌సన్, పాంటస్ విన్‌బర్గ్ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఇద్దరూ కలిసి పెట్టుకున్న పేరు బ్లడ్‌షై అండ్ అవాంట్. వాళ్ళతో హెన్రిక్ జోన్‌బ్యాక్, ఇంగ్లండు నుంచి కేథీ డెన్నిస్. ఈ నలుగురూ కట్టిన పాటలో నిన్ను కూర్చోబెట్టారు. మొదట సంబంధం ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ ఇంటికి వెళ్ళింది. ఆవిడ వద్దంది. పెళ్ళిచూపుల్లో ఒకరు కాదన్న పిల్ల ఇంకొకరింట మహాలక్ష్మి అయినట్టు, బ్రిట్నీ స్పియర్స్ దగ్గరికి వెళ్ళాక నీ దశ తిరిగింది. 2003లో 'ఇన్ ది జోన్' ఆల్బమ్, 2004 జనవరిలో సింగిల్, ఇంగ్లండులో నంబర్ వన్, అమెరికాలో తొమ్మిదో స్థానం. 2005లో ఉత్తమ డాన్స్ రికార్డింగుకి గ్రామీ. అంత పేరున్న బ్రిట్నీకి అదే మొట్టమొదటి గ్రామీ. మా ఇంటి అబ్బాయి చెయ్యి అలాంటిది!

ఇంతకీ నిన్నే ఎందుకు ఎంచుకున్నారో తెలుసా? నీ అందం చూసి మాత్రమే కాదు. శాంపిల్ కోసం, అంటే కొత్త పాటలో అతికించుకునే పాత పాట ముక్క కోసం, రికార్డులు తిరగేసేవాళ్ళు ముందు వెతికేది గొంతు లేని చోటు. పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకునే చోటు, పాట గుమ్మంలో నిలబడి ఉన్న చోటు. అక్కడ కత్తెర పెడితే ఎవరి మాటా తెగదు, తమ మాట దాని మీద రాసుకోవచ్చు. కత్తెర కూడా ఎక్కడపడితే అక్కడ వేస్తే కుదరదు. శబ్దపు గీత సున్నా దగ్గరికి దిగినప్పుడే తెంపాలి, లేకపోతే అతుకు దగ్గర 'టిక్' మంటుంది. చీర పన్నాలో దారం చూసుకుని కత్తిరించే టైలరు పనే ఇది. ఆపైన వేగం సరిచూడాలి. పాత మెషీన్లలో వేగం పెంచితే శ్రుతి కూడా పైకి పోయేది, మనిషి గొంతు ఉడతలా తయారయ్యేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో దేని మీట దానిది. తర్వాత అడుగున ఉన్న బరువంతా, అంటే బేస్ అంతా తోడేస్తారు. అక్కడ వాళ్ళ డ్రమ్ము కూర్చోవాలి కదా. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కింద వాటా ఖాళీ చేయించినట్టు. చివరికి మిగిలిన పైగీతని మళ్ళీ మళ్ళీ తిప్పుతారు.

నిన్ను కూడా అలాగే, పాటలో ఒకచోటి ముక్కనీ ఇంకోచోటి ముక్కనీ జతచేసి ఒకే కేకలా అతికారు. నిమిషానికి 143 దెబ్బల వేగంలో, సముద్రపు అలల మీద ఊగే రకం గిటారు పక్కన కూర్చోబెట్టారు. అక్కడ సినిమాలో నువ్వు గుమ్మానివి. నిన్ను దాటుకుని జనం లోపలికి, లతా బాలూల దగ్గరికి వెళ్ళేవారు. ఇక్కడ ఇల్లంతా నువ్వే, వచ్చినవాళ్ళు గుమ్మంలోనే గెంతుతున్నారు. బాగుందా అంటే, అబద్ధమెందుకు, బాగుంది. నా కాలు కూడా కుర్చీ కింద ఆడింది. అక్క చూసింది.

ఒక విషయం మాత్రం నవ్వొస్తుంది. ఆ పాటకి బాలు గొంతు పెట్టాలన్నప్పుడు, మద్రాసు గొంతు హిందీకి నప్పదేమోనని సంగీత దర్శకుల వైపు నుంచి మొదట సందేహం వచ్చింది. హీరో పాత్రే హిందీ రాని తమిళ కుర్రాడు కదా, ఆ యాస ఉంటేనే సహజం అని బాలచందర్ పట్టుబట్టారు. ఆ గొంతుకే జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు తెచ్చిన గొంతుని స్వీడన్ వాళ్ళు ముట్టుకోనేలేదు. గుమ్మం ఊడదీసుకుని వెళ్ళారు.

అన్నట్టు, ఈ 'శాంపిల్' అనే మాట నీకెవరు అంటగట్టారు? మా ఊరి స్వీట్ షాపులో శాంపిల్ అంటే వేలెడంత మైసూర్‌పాక్ ముక్క. అది నోట్లో వేసుకుని కనీసం వంద గ్రాములైనా కొనకుండా బయటికి నడిస్తే కౌంటర్లో ఆయన చూసే చూపు జన్మలో మరిచిపోం. మీ లోకంలో శాంపిల్ తిని, పక్కనే పెద్ద షాపు తెరుస్తారు. పోనీ 'చేబదులు' అందామా అంటే, చేబదులు తీసుకున్నవాడు కనీసం ఎదురుపడినప్పుడు తల దించుకుంటాడు.

మీవాళ్ళకి కాగితాలు లేవని కాదు. నీలాంటివాడు ఫారిన్ వెళ్ళాలంటే రెండు వీసాలు కావాలి. బాణీ కట్టినవారి హక్కుకి ఒకటి, ఆ రికార్డింగు ఎవరి సొత్తో వారి మాస్టర్ హక్కుకి ఇంకొకటి. 1991లో అమెరికాలో ఒక ర్యాప్ పాట మీద వచ్చిన కేసులో జడ్జిగారు తీర్పుని 'దొంగిలింపరాదు' అనే బైబిలు ఆజ్ఞతో మొదలుపెట్టారు. అప్పటినుంచి పెద్ద కంపెనీలు చాలావరకు లాయరు లేకుండా కత్తెర ముట్టవు. రెండో వీసా ఖరీదైతే దానికీ ఉపాయం ఉంది. అచ్చు అలాగే ఇంకొకరిచేత పాడించో వాయించో పెట్టుకుంటే మాస్టర్ బాకీ ఉండదు. నీ కాగితాల జోలికి నేను రాను. నా పేచీ అంతా ఇంటిపేరుతో. 'టాక్సిక్' రాసినవాళ్ళ పేర్లు నాలుగు, నేను పైన రాసినవే. 'తేరే మేరే బీచ్ మే'కి బాణీ కట్టిన లక్ష్మీకాంత్ ప్యారేలాల్ జంట పేరు వాటిలో లేదు.

మీ పెద్దమ్మ గతి ఇంకా ఘోరం. లోలియాటా హాలోవే అనే అమెరికన్ గాయని 1980లో 'లవ్ సెన్సేషన్' అని గొంతు చించుకుని పాడింది. 1989లో ఇటలీ వాళ్ళు ఆ గొంతు ముక్కలతో 'రైడ్ ఆన్ టైమ్' చేస్తే ఇంగ్లండులో ఆరు వారాలు నంబర్ వన్. టీవీలో ఆ గొంతుకి పెదవులాడించింది ఇంకో సన్నటి మోడల్. గొడవయ్యాక ఆ గొంతు తీసేసి, వేరే గాయనిచేత అలాగే పాడించి ఇంకో వెర్షన్ తెచ్చారు. చెప్పాను కదా ఉపాయం.

మీ ఇంట్లో గట్టిపిండం అంటే నీ ఈడుదే, నీలాగే 1981లో పుట్టింది. 'జ్యోతి' సినిమాలో బప్పీ లహరి చేసిన, లత పాడిన 'థోడా రేషమ్ లగ్తా హై'. 2002లో దాన్ని డీజే క్విక్ అమెరికాలో 'అడిక్టివ్' అనే పాటలోకి ఎత్తుకున్నాడు. నీలాగా గుమ్మం కాదు, లత గొంతుతో సహా నట్టిల్లే ఎత్తుకున్నాడు. సరిగమ కంపెనీ 50 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2003లో అక్కడి కోర్టు, బప్పీ లహరి పేరు వేసేదాకా ఆ డిస్కులు అమ్మొద్దంది. పాట పేరు 'అడిక్టివ్', నీ పాట పేరు 'టాక్సిక్'. మన పిల్లలకి ఫారిన్‌లో వ్యసనమనీ విషమనీ ముద్దుపేర్లు పెట్టారు, గమనించావా?

ఇంత రాశాక, మనవాళ్ళు సత్తెపూసలని అనుకునేవు. మన దగ్గర ఎత్తిపోతలకి ఉన్నన్ని మర్యాదపేర్లు వాళ్ళ దగ్గర లేవు. రిలీజుకి ముందు 'ఒరిజినల్', దొరికాక 'ఇన్‌స్పిరేషన్', రుజువయ్యాక 'ట్రిబ్యూట్'. హక్కుల సంగతీ అంతే. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీ ఎవరూ రాయించుకుపోలేని హక్కుగా చట్టంలోకి ఎక్కడానికి మనకి 2012 దాకా పట్టింది. 2017లో, అమెరికా టూర్‌లో ఉన్న బాలుకి ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వెళ్ళింది, అనుమతి లేకుండా నా పాటలు స్టేజీ మీద పాడొద్దని. ఆ వారం మా వీధి అరుగుల మీద ప్రతివాడూ కాపీరైట్ లాయరే. సగం మంది బాలు వైపు, సగం మంది రాజా వైపు. వాయించినవాళ్ళ వైపు ఎవరున్నారో నాకు గుర్తులేదు.

అసలు నిన్ను కన్నదెవరురా? లక్ష్మీకాంత్ ప్యారేలాల్ అని అక్క అంటుంది, కాదనను. ప్యారేలాల్ గారు స్వయంగా వయొలిన్ మనిషి, గోవా నుంచి వచ్చిన ఆంథనీ గొన్సాల్వెస్ అనే మాస్టారి దగ్గర నేర్చుకున్నారు. అందుకే వాళ్ళ పాటల్లో వయొలిన్లు గుంపుగా, ఊరేగింపులా వస్తాయి. కానీ గుంపు అంటే మనుషులు కదా. బొంబాయి స్టూడియోలో పొద్దున్నే ట్యూనింగు చేసుకుని, స్టాండు మీద నొటేషన్ పెట్టుకుని, కండక్టర్ చెయ్యి లేవగానే కమానులన్నీ ఒక్కసారే దించినవాళ్ళు. కాల్షీటు అయ్యాక చేతికొచ్చింది లెక్కపెట్టుకుని ఇంకో స్టూడియోకి పరిగెత్తినవాళ్ళు. వాళ్ళ పేర్లు స్టాక్‌హోమ్ వాళ్ళు వేయలేదని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ రోజుల్లో మన సినిమా టైటిల్స్‌లోనే వేసేవాళ్ళం కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆర్కెస్ట్రా వయొలిన్ మాస్టారు కనిపించారు. అరవై దాటిన మనిషి. ప్లేటు పక్కన పెట్టి, పెట్టెలో వయొలిన్ సర్దుకుంటున్నారు.

"మాస్టారూ, ఇందాక డీజేలో ఒక బిట్టు వచ్చింది..." అన్నాను.

"తేరే మేరే బీచ్ మే" అన్నారు తలెత్తకుండానే.

"ఒకసారి పట్టుకోగలరా?"

"సినిమాలో ఉన్నట్టా, డీజేలో ఉన్నట్టా?"

సినిమాలో ఉన్నట్టే అన్నాను. కమాను బిగించి, చెవి వయొలిన్‌కి ఆనించినంత దగ్గరగా వంగి, నిన్ను వాయించారు. డీజే హోరులో నాకు సగమే వినిపించింది. ఆయనకి నచ్చలేదు. "ఇది ఒక్కడి పని కాదండీ. ఆ సౌండు రావాలంటే పాతిక మంది కూర్చోవాలి" అని కమాను వదులు చేసేశారు. ఈలోగా ఈవెంట్ వాళ్ళ అమ్మాయి అట్టకి బిగించిన కాగితం, కవర్లూ పట్టుకొచ్చింది. కాగితంలో కీబోర్డు 1, తబలా 1, ప్యాడ్స్ 1, వయొలిన్ 1 అని ఉంది. చివరి దాని పక్కన టిక్కు పెట్టి కవరు చేతికిచ్చింది. డీజే పేరు మాత్రం స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర మీద, పెళ్ళికూతురి పేరు కన్నా పెద్ద అక్షరాల్లో తిరుగుతోంది.

ఈసారి ఇటు వస్తే ఆయన్ని ఒకసారి చూసి వెళ్ళు. అడ్రసు రాసేవాణ్ణే. ఆయన పేరు అడగడం మరిచిపోయాను.

ఇట్లు,
మీ బాబాయి