లేజర్‌తో డ్రాగ్ తగ్గుతుంది, కరెంటు లెక్కే తేలదు

ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు కాస్త ఎత్తితే కింద నీళ్లు పల్చగా, జోరుగా పరుగెత్తి, కొంత దూరం పోయాక ఒక్కసారిగా నురగలు కక్కుతూ పైకి లేస్తాయి. ధ్వని కన్నా జోరుగా పారే (సూపర్‌సోనిక్) గాలిలో పీడనం ఒక్కసారిగా పెరిగే షాక్‌వేవ్ దీనికి వరసకి అన్నే, లెక్కల్లోనూ చుట్టరికం ఉంది. ఆ గాలికి ఎదురుగా ఉన్న వస్తువు మొద్దు ముక్కు ముందు ఆ షాక్ నిలబడుతుంది. దాని వెనక పేరుకున్న పీడనమే డ్రాగ్‌లో, అంటే వస్తువుని గాలి వెనక్కి నెట్టే బలంలో, సింహభాగం.

షాక్‌కి ముందే లేజర్ పల్స్‌ని ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే గాలి ప్లాస్మాగా (విద్యుదావేశమున్న వాయువుగా) మారి, వేడి బుడగ మిగులుతుంది. బుడగలో ధ్వని వేగం ఎక్కువ, అంటే మాక్ సంఖ్య (గాలి వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో) తక్కువ. అది తాకిన చోట షాక్ ముందుకి ఉబ్బి, సుడి వలయం పుట్టి, ముక్కు మీద పీడనం దిగుతుంది. అదీ కొన్ని పదుల మైక్రోసెకన్లే. అందుకే పల్స్‌లు వరసగా పడాలి.

చిక్కంతా ఆ వరస దగ్గరే. విండ్ టన్నెల్లోకి (గాలి పారించి పరీక్షించే గొట్టంలోకి) 300 కెల్విన్ గాలి పంపితే మాక్ 2 దగ్గర వేగం సెకనుకి 518 మీటర్లు. 10 కిలోహెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 10,000 పల్స్‌లకి, బుడగల మధ్య ఎడం 5 సెంటీమీటర్లు. గాలికి ఎదురుగా పెట్టిన 2 సెంటీమీటర్ల మొద్దు సిలిండర్‌కి అవి ఒక్కొక్కటిగానే తగులుతాయి. 50 కిలోహెర్ట్జ్‌కి పెంచితే ఎడం సెంటీమీటరే, బుడగలు కలిసి వేడి దారంలా సాగుతాయి. కానీ లేజర్ పవర్ మారకపోతే ఒక్కో పల్స్ శక్తి ఐదో వంతుకి పడి, గాలి పేలకపోవచ్చు, అంటే ప్లాస్మా పుట్టకపోవచ్చు. పీడనం తగ్గేకొద్దీ పేలడం ఇంకా కష్టం.

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం మాక్ 1.94 దగ్గర డ్రాగ్‌ని సుమారు ఐదో వంతు తగ్గించింది. ఆదా అయిన పవర్ గాలిలో పెట్టిన దానికి దాదాపు 10 రెట్లు. వినడానికి బాగుంది. అయితే ప్లగ్గు దగ్గర లాగిన కరెంటులో పదో వంతే లేజర్ కాంతి అయి, అందులో సగమే గాలిలో ఇంకితే ఆ 10 కాస్తా 0.5 అవుతుంది. పైగా లాభం మొద్దు ముక్కుకే. సూది ముక్కు విమానానికి షాక్ డ్రాగ్ ముందే తక్కువ, ఒంటి రాపిడిని లేజర్ ఏమీ చేయలేదు.

కాకినాడ, భీమవరం కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంత లేజర్ ఎవరు కొంటారు? అక్కర్లేదు. చదునైన పళ్లెంలో 6 మిల్లీమీటర్ల లోతు నీటిని సెకనుకి అర మీటరు వేగంతో పారించి ఒక దిమ్మ నిలబెడితే, మాక్ 2 లాంటి షాక్ కంటికి కనిపిస్తుంది. బుడగ సంగతి మాత్రం కంప్యూటర్లోనే చూడాలి: పీడనం చుట్టుపక్కల ఎంతో అంతే ఉంచి, ఒక గుండ్రని చోట సాంద్రత తగ్గించి వదలాలి. తర్వాత అదే బుడగని 2 మిల్లీమీటర్లు పక్కకి జరిపితే ముక్కుని తిప్పేసే బలం ఎంతో తెలుస్తుంది. దీనికి త్రీడీ గ్రిడ్ (లెక్క కోసం చోటుని మూడు దిక్కులా చిన్న గళ్లుగా కోయడం) కావాలి, రాత్రంతా కంప్యూటర్ వదిలేయాలి, కరెంటు పోకుండా యూపీఎస్ చూసుకోవాలి.