రిపేర్ అడిగితే ఖాళీ చేయమంటే ఎలా?

బాత్రూం గోడలో పైపు లీకై పక్కగది సీలింగ్ పెచ్చులు ఊడుతున్నాయని చెప్తే ఓనర్ ఏమంటాడో అద్దెకుండేవాళ్లకి కంఠతా వచ్చు. మొదటిసారి "చూద్దాం లెండి", రెండోసారి "ప్లంబర్‌కి చెప్పా, వస్తాడు", మూడోసారికి మాత్రం గొంతు మారిపోతుంది, "అంత ఇబ్బందిగా ఉంటే వేరే ఇల్లు చూసుకోండి మరి". ఇక నాలుగోసారి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే పిల్లల స్కూలు దగ్గర, ఆఫీసు దగ్గర, అడ్వాన్స్ అంతా ఆయన చేతిలో, మళ్లీ సామాన్లు కట్టి ఇంకో ఇల్లు వెతకాలంటే అయ్యే ఖర్చుతో ఈ సీలింగ్‌ని రెండుసార్లు బాగుచేయించొచ్చు. సో నోరు మూసుకుని బకెట్ పెట్టుకుంటారు.

అంటే చట్టాలు లేవా అంటే, ఉన్నాయి, అదే మా బాధ కూడా. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది కదా, దాని 108వ సెక్షన్‌లో క్లియర్‌గానే రాసుంది, ఓనర్ చేయాల్సిన రిపేర్‌ని నోటీసు ఇచ్చాక కూడా తగిన టైంలో చేయకపోతే అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలోంచి కోసుకోవచ్చు. నూట నలభై ఏళ్ల కిందటి రూలు ఇది, చాలామంది ఓనర్లకి, ఇంకా చెప్పాలంటే కొందరు లాయర్లకి కూడా గుర్తుండదు. కాకపోతే "ఓనర్ చేయాల్సిన రిపేర్" అన్న మాట దగ్గరే మెలిక ఉంది. ఏది ఆయన చేయాలి ఏది మనం చేయాలి అనేది అగ్రిమెంట్‌లో లేకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది, అగ్రిమెంట్ ఏమో స్టాంపు పేపర్ల షాపులో ఎప్పటిదో ఫార్మాట్, పేర్లూ అద్దే మార్చి ప్రింట్ తీసిందే, అందులో రిపేర్ల గురించి ఒక లైను ఉంటే అదే ఎక్కువ.

ఆ గొడవ తీర్చడానికే 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఓకే చేసిన నమూనా అద్దె చట్టంలో ఏకంగా ఒక పట్టిక పెట్టారు. గోడలు, స్లాబు లాంటి నిర్మాణానికి సంబంధించిన రిపేర్లు, సున్నాలు, తలుపులు కిటికీల పెయింటింగ్, పైపులు మార్చడం, వైరింగ్, ఇవన్నీ ఓనర్ వాటా. కుళాయి వాషర్లు, మురుగు కాలవ క్లీనింగ్, గీజర్, స్విచ్‌లు సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, ఇవి అద్దెకున్నవాళ్ల వాటా. ఓనర్ తన వాటా చేయకపోతే మనం చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు కానీ ఏ నెలలోనూ కోత అద్దెలో 50 శాతం దాటకూడదు. ఇల్లు ఇక ఉండటానికి వీల్లేని స్థితికి వచ్చిందీ, రాసి అడిగినా ఓనర్ కదల్లేదూ అంటే 15 రోజుల నోటీసిచ్చి బయటికి వచ్చేయొచ్చు, లేదా రెంట్ అథారిటీ, అంటే అద్దె గొడవలు చూసే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు. బాగుంది, కాదనం. కానీ పేరులోనే ఉంది కదా అది నమూనా అని, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకునేదాకా అది కాగితమే.

బయటి దేశాల్లో ఇంకో అడుగు ముందున్నారు. జర్మనీ సివిల్ కోడ్ 536వ సెక్షన్ ప్రకారం ఇంట్లో వాడకానికి అడ్డొచ్చే లోపం ఉంటే, చిన్నాచితకా లోపం కాకపోతే, ఆ మేరకు అద్దె దానంతటదే తగ్గుతుంది, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కాకపోతే లోపం కనపడగానే ఓనర్‌కి చెప్పి ఉండాలి. కాలిఫోర్నియాలో ఒక నెల అద్దె దాటని ఖర్చుతో మనమే రిపేర్ చేయించుకుని కోసుకోవచ్చు, 12 నెలల్లో రెండుసార్లకు మించకుండా. ఇంగ్లండ్‌లో 1985 చట్టం గోడలు, పైకప్పు, డ్రైనేజీ, నీళ్లు, కరెంటు, హీటింగ్ అంతా ఓనర్ మెడకే చుట్టింది. అయినా అక్కడే 2020 డిసెంబర్‌లో రాచ్‌డేల్ అనే ఊళ్లో రెండేళ్ల పిల్లాడు ఇంట్లో పట్టిన బూజు వల్ల చనిపోయాడు, తల్లిదండ్రులు చెప్తూనే ఉన్నారు, హౌసింగ్ సంస్థ వినలేదు. ఆ పిల్లాడి పేరు మీదే వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, సోషల్ హౌసింగ్‌లో, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, వెంటనే హాని జరిగేలా ఉన్న సమస్యని 24 గంటల్లో ప్రమాదం లేకుండా చేయాలి అని. 1985లో బాధ్యత రాసిపెట్టినా గడువు పెట్టడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్‌కొద్దాం. హక్కు ఉంది, పట్టిక ఉంది, కోత లెక్క కూడా ఉంది, మరి జనం ఎందుకు అడగట్లేదు? అడిగితే పంపేస్తారని. ఈ భయాన్ని కోర్టు సూటిగా పట్టుకున్న కేసు ఒకటుంది, 1968 నాటి ఎడ్వర్డ్స్ వర్సెస్ హబీబ్, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోది. నెల నెలా అద్దె కట్టే పద్ధతిలో ఉన్న ఒకావిడ ఇల్లు పాడైందని అధికారులకి కంప్లైంట్ ఇచ్చింది, వాళ్లొచ్చి చూస్తే 40కి పైగా ఉల్లంఘనలు బయటపడ్డాయి, బాగుచేయమని ఓనర్‌కి ఆర్డరేశారు. ఓనర్ ఏం చేశాడు? ఆవిడకి 30 రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు ఇచ్చాడు. మామూలుగా అయితే అది లీగలే, నెలవారీ అద్దెకి కారణం చెప్పక్కర్లేదు. కానీ కంప్లైంట్ ఇచ్చినందుకు కక్షతో ఖాళీ చేయించడానికి కోర్టుని వాడుకోనివ్వం, అలా ఒప్పుకుంటే హౌసింగ్ కోడ్, అంటే ఇళ్లు ఎలా ఉండాలో చెప్పే రూల్స్, ఉండీ లేనట్టే అని అప్పీల్ కోర్టు తేల్చింది. ఆ తర్వాత రెండేళ్లకి, 1970లో, అదే కోర్టు జావిన్స్ కేసులో ఇంకా పెద్ద మాట చెప్పింది, అద్దెకిచ్చే ఇల్లు ఉండటానికి పనికొచ్చేలా ఉంచుతాననే హామీ ప్రతి అగ్రిమెంట్‌లోనూ రాయకపోయినా ఉన్నట్టే అని. అందరూ జావిన్స్ గురించే మాట్లాడతారు, మా దృష్టిలో మాత్రం ముందొచ్చిన తీర్పే పునాది.

మన నమూనా చట్టంలో లేనిది అదే. గడువు అయ్యాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు అని ఓనర్ కోసం చాలా వివరంగా రాశారు. రిపేర్ అడిగిన పాపానికి 11 నెలల అగ్రిమెంట్ రెన్యువల్ చేయను పొమ్మంటే ఏంటి పరిస్థితి అనేదానికి మాత్రం జవాబు లేదు. ఇంగ్లండ్‌లో కూడా చాలాకాలం ఇదే తంతు, 2015లో ఒక రక్షణ తెచ్చారు, లోకల్ కౌన్సిల్ రిపేర్ నోటీసు ఇచ్చిన ఇంట్లో ఆరు నెలలు కారణం చెప్పకుండా ఖాళీ చేయించకూడదని, అంటే కౌన్సిల్ వాళ్లు రాకపోతే రక్షణ కూడా వచ్చేది కాదన్నమాట.

ఓనర్ల వైపు కూడా మాట్లాడాలి. అందరూ దుర్మార్గులేం కాదు, రిటైరైన డబ్బుతో ఒక్క ఇల్లు కట్టుకుని ఆ అద్దె మీదే బతికేవాళ్లున్నారు, స్లాబు మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే వాళ్లకీ ఒక్కసారే అవ్వదు. కోత పేరుతో దొంగ బిల్లులు పెట్టేవాళ్లు కూడా లేకపోలేదు. అందుకే 50 శాతం లిమిట్ సబబే అంటాం. కానీ లీకేజీని ఏళ్లతరబడి వదిలేస్తే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది, లోపల కంబి తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది, అప్పుడు నష్టం ఓనర్‌దే.

ఈ మధ్య వీడియోల్లో "రిపేర్ చేయకపోతే అద్దె ఆపేయండి" అని ధైర్యంగా చెప్పేస్తున్నారు, దయచేసి ఆ మాట వినొద్దు. అద్దె మొత్తం ఆపేస్తే గొడవ రిపేర్ మీంచి బాకీ మీదికి మారిపోతుంది, ఆ నమూనా చట్టంలోనే వరసగా రెండు నెలలు కట్టకపోతే, నోటీసు వచ్చిన నెలలోపు కూడా బాకీ తీర్చకపోతే, ఖాళీ చేయించొచ్చు అని ఉంది. అద్దె కడుతూనే అడగాలి, నోటితో కాదు రాతలో. లీకేజీ ఫొటో, తేదీ, ఏం చేయాలి, ఎన్ని రోజుల్లో, ఇంతే, వాట్సాప్ అయినా పర్లేదు గానీ రిజిస్టర్డ్ పోస్టు ఇంకా గట్టిది. కోసుకునే హక్కు నిజంగా ఉందో లేదో అగ్రిమెంట్ చూసి, వీలైతే లాయర్‌ని అడిగి, రెండు కొటేషన్లు, బిల్లు పెట్టుకుని అప్పుడు చేయించుకోవాలి. ఇదంతా చెమ్మకి, పెయింటింగ్‌కి. స్విచ్‌బోర్డు ముట్టుకుంటే చురుక్కుమంటోంది, గోడ తడిగా ఉన్నచోట షాక్ కొడుతోంది అంటే మాత్రం నోటీసులు తర్వాత, ముందు మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

రాష్ట్ర ప్రభుత్వాలని మేం అడిగేది ఒకే ఒక్క క్లాజు. రాతపూర్వకంగా రిపేర్ అడిగిన ఆరు నెలల్లోపు ఓనర్ ఖాళీ చేయమన్నా, రెన్యువల్ ఆపినా, అద్దె పెంచినా అది కక్షతో కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆయనదే అవ్వాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి రక్షణ 180 రోజులుంది, అదీ అద్దె బాకీ లేనివాళ్లకే. ఇక్కడ కూడా అదే షరతు పెట్టండి, ఓనర్లకీ అభ్యంతరం ఉండదు. ఆ ఆరు నెలలు లెక్క మొదలయ్యేది కంప్లైంట్ మీదున్న తేదీ నుంచే కాబట్టి, చట్టం వచ్చేదాకా ఆగకుండా ఆ మెసేజ్ ఏదో ఇవాళే పంపి పెట్టుకోండి.