సీ డ్రైవ్ కబ్జాల తొలగింపుపై ఒక వినతి

హైదరాబాద్ చెరువుల్లో కబ్జాలు తొలగించడానికి 2024లో హైడ్రా వచ్చింది. ఇంటింటా కంప్యూటర్‌లో, విండోస్ కాపురముండే సీ డ్రైవ్‌లో అంతకంటే ఘోరంగా సాగుతున్న కబ్జాలను పట్టించుకునే నాథుడే లేడు. ఖాళీ పది శాతం లోపుకు పడిపోగానే విండోస్ డ్రైవ్ ఎంత నిండిందో చూపే నీలిగీతను ఎర్రగా మార్చి తన పని అయిపోయిందనుకుంటుంది. ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి.

గీత ఎర్రబడితే చాలు, 'కంప్యూటర్ తెలిసిన బావ' రంగంలోకి దిగుతాడు. ఆయనకు కంప్యూటర్ తెలుసనడానికి సాక్ష్యం, రీసైకిల్ బిన్‌కు కూడా పంపకుండా చెరిపేసే షిఫ్ట్ డిలీట్ నొక్కేటప్పుడు చెయ్యి వణకకపోవడం. బుల్‌డోజర్ ముందు నోరులేనివాళ్ల మీదికే కదా వెళ్లేది. బావ కూడా నేరుగా విండోస్ ఫోల్డర్‌లో దూరతాడు. అక్కడ విండోస్ తన సొంత భాగాలు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ బోలెడన్ని జీబీలు చూపిస్తూ దొరికిపోతుంది. నిజానికి అందులో చాలా ఫైళ్లు రెండు చోట్ల పేరు రాయించుకున్నవే తప్ప రెండింతల జాగా తిన్నవి కావు. పట్టా ఉన్న ఇల్లది. చేత్తో కూలిస్తే అప్‌డేట్లు మొరాయిస్తాయి, ఒక్కోసారి కంప్యూటరే లేవదు. అప్పుడు బావ "వైరస్ వచ్చిందిరా" అని తేల్చి, టీ తాగి వెళ్లిపోతాడు.

అసలు కబ్జాదారులు డౌన్‌లోడ్స్‌లో దర్జాగా ఉంటారు. ఆధార్ కార్డు ఒక్కటే, పీడీఎఫ్‌లు మాత్రం ఆధార్ (1) నుంచి ఆధార్ (7) దాకా. పాపం, అవి గుడిసెలు. అన్నీ కలిపినా ఒక పాటంత ఉండవు. బహుళ అంతస్తులు వేరే ఉన్నాయి: 'ఫోన్ ఫొటోస్', 'ఫోన్ ఫొటోస్ న్యూ', 'ఫోన్ ఫొటోస్ న్యూ లేటెస్ట్'. మూడింటిలోనూ అవే తిరుపతి ఫొటోలు. ఎవరు ఎంత ఆక్రమించారో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే లెక్కలతో సహా కనిపిస్తుంది. సర్వే రిపోర్టు ఎవరు చదివారు గనక!

ఖాళీ చేయించినవాళ్లను రీసైకిల్ బిన్‌కు పంపి చేతులు దులుపుకోవడం ఇంకో ముచ్చట. బిన్ ఉన్నదీ అదే డ్రైవ్‌లో. చెరువు ఈ గట్టున ఉన్నవాణ్ణి ఆ గట్టుకు మార్చినట్టు. అక్కడ కూడా ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది.

చట్టబద్ధమైన కూల్చివేతకు విండోస్‌లోనే డిస్క్ క్లీనప్ ఉంది. కొత్త విండోస్‌కు మారాక పాతది 'విండోస్.ఓల్డ్' పేరుతో పది రోజులు ఉంటుంది, వెనక్కి వెళ్లాలనిపిస్తే వెళ్లడానికి. మనసు మారదనుకుంటే డిస్క్ క్లీనప్‌లో 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కి దాన్ని తీయించవచ్చు. హైబర్‌నేషన్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపడం) వాడనివాళ్లు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొడితే ర్యామ్ సైజులో దాదాపు 40 శాతమంత ఉండే దాని ఫైలు డ్రైవ్‌లోంచి మాయమవుతుంది. దాంతో పాటు కంప్యూటర్‌ను త్వరగా లేపే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ముందే చెబుతున్నా. డిస్క్ క్లీనప్‌లో టిక్కులు మాత్రం చదివి పెట్టాలి. విండోస్ 10లో 1809 వెర్షన్ వచ్చినప్పుడు క్లీనప్ జాబితాలో డౌన్‌లోడ్స్‌ను కూడా చేర్చారు. అన్నిటికీ కళ్లు మూసుకుని టిక్కు పెట్టే అలవాటున్నవాళ్లు గుడిసెలతో పాటు భవనాలూ పోగొట్టుకున్నారు. తర్వాత దాన్ని జాబితాలోంచి తీసేశారు.

ఇక డీ డ్రైవ్. అసెంబుల్ చేసిన షాపువాడు సీకి 100 జీబీ ఇచ్చి, మిగతాదంతా డీకి రాసిచ్చాడు. అందులో 'సాంగ్స్' అనే ఒక్క ఫోల్డర్ కాలు బారజాపుకుని పడుకుని ఉంటుంది. డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ దగ్గర 'మూవ్' నొక్కితే మొత్తం కాలనీని అక్కడికి తరలించవచ్చు. రెండూ ఒకే హార్డ్ డిస్కులోవైతే అది పోయిన రోజున కలిసే పోతాయి, కాబట్టి ముఖ్యమైనవి ముందు ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒక కాపీ పెట్టుకోవాలి.

తరలింపు జాబితాలో మొదటి పేరు పెళ్లి వీడియో. దాని మీద అత్తయ్యగారి స్టే ఉంది. "కదిపితే చెరిగిపోతుంది" అన్నది ఆవిడ వాదన. తదుపరి విచారణ సంక్రాంతికి, బావ సమక్షంలో.