దారి మూసేసి దారిలో రమ్మంటే ఎలా?

1977లో అమెరికాలో, టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో కొన్ని మెక్సికన్ కుటుంబాలు తెల్లవారుజామునే కోర్టుకు బయల్దేరాయి. దేశంలో ఉండటానికి అనుమతి కాగితాలు లేని పిల్లలు ప్రభుత్వ బడిలో చదవాలంటే ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలన్న నిబంధన మీద విచారణ అది. ఆ తల్లిదండ్రులు ఇంట్లో సామానంతా కార్లలో సర్దుకుని మరీ వెళ్లారు, అటునుంచి అటే దేశం దాటిస్తారేమోనని. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ పిల్లల పక్షాన నిలిచింది. ఆ భయం మాత్రం ఆ ఇళ్లను వదల్లేదు.

2011లో అలబామా రాష్ట్ర చట్టం, బళ్లో చేరే పిల్లల వలస వివరాలు ఆరా తీయమంది. కాగితాలు లేనివాళ్లతో చేసుకున్న చాలా ఒప్పందాలు చెల్లవంది. అది అమల్లోకి రాగానే ఒక్క సోమవారం రోజే 2,000 మందికి పైగా లాటినో పిల్లలు బడికి రాలేదు. వాళ్లలో అమెరికాలోనే పుట్టిన పౌరులూ ఉన్నారు. బడి నిబంధనను కోర్టులు తర్వాత ఆపేశాయి. వలస చట్టం ఒక్కొక్కరినీ విడిగా చూస్తుంది. ఒక ఇల్లు తీసుకోండి: తండ్రికి కాగితాల్లేవు, పెద్దమ్మాయికి 2012 నాటి డాకా రక్షణ (చిన్నప్పుడే వచ్చినవాళ్లను పంపేయకుండా ఇచ్చే తాత్కాలిక ఊరట) ఉంది, చిన్నోడు పౌరుడు. కానీ వాళ్లు బతికేది ఒకే కప్పు కింద. తండ్రిని పట్టుకుంటే చిన్నోడి పౌరసత్వం ఆ పూటకు అన్నం పెట్టదు.

“వెనక్కి వెళ్లి లైన్లో రావచ్చుగా” అనేవాళ్లు 1996 చట్టాన్ని ఒకసారి చూడాలి. కాగితాల్లేకుండా ఏడాదికి మించి ఉన్నవాళ్లు దేశం దాటితే పదేళ్లు తిరిగి రాకూడదు. పౌరుడైన కొడుకు 21 ఏళ్లు నిండాక తల్లి కోసం దరఖాస్తు పెట్టగలడు. అయితే దొంగదారిన సరిహద్దు దాటి వచ్చిన తల్లి సాధారణంగా వీసా కోసం సొంత దేశానికి వెళ్లి తీరాలి. వెళ్లిన క్షణమే నిషేధం మొదలవుతుంది. మినహాయింపు అడగాలంటే పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయిన భర్తకో, తన తల్లిదండ్రులకో తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. పిల్లల కష్టం ఆ లెక్కలోకే రాదు! అందుకే వాళ్లు కదలరు. వెళ్లిపొమ్మనే చట్టమే వాళ్లను అక్కడ కట్టిపడేసింది.

అమెరికాలోని మన తెలుగువాళ్లలోనూ “మేం చట్టబద్ధంగా వచ్చాం” అని దూరంగా నిలబడేవాళ్లున్నారు. వాళ్ల బాధా నిజమే. గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్లూ పూళ్లూ గడిచి, 21 నిండగానే హెచ్-4 హోదా (హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకు ఇచ్చే వీసా) పోగొట్టుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. లైన్ కదలకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లు, అసలు లైనే లేనివాళ్లను తప్పుపట్టడం నాకు మింగుడుపడదు.

బళ్లు, ఆసుపత్రులు, చర్చిల దగ్గర అరెస్టులకు దూరంగా ఉండాలన్న మార్గదర్శకాలను 2025 జనవరిలో ఎత్తేశారు. ఇప్పుడు చాలామంది తల్లులు ముందుగానే ఒక కాగితం రాసి పెట్టుకుంటున్నారు: సాయంత్రం తాను ఇంటికి రాకపోతే బిడ్డను బడినుంచి ఎవరు తీసుకెళ్లాలో, ఏ మందు ఎన్ని గంటలకు వేయాలో. దాని కింద పక్కింటావిడ సంతకం ఉంటుంది.