సవరణ: విజయనగరం ఫ్లాట్లు – ఏ చదరపు అడుగు లెక్క?

విజయనగరంలో కొత్త ఫ్లాటు కొనేవారు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల చదరపు అడుగు ధరలు పోల్చి చూడాలని ఇంతకుముందు రాశాను. దానికి ఒక వివరణ అవసరం. పోల్చవలసింది కరపత్రంలో వేసిన అంకెలను కాదు, కార్పెట్ ఏరియాను. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం లోపలి గోడలతో కలిపి ఇంట్లో వాడుకోగలిగే నేల అది. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు.

ఉదాహరణకు కరపత్రంలో 1,200 చదరపు అడుగులు, అడుగు 3,500 అంటే 42 లక్షలు. లోపల టేపు పట్టి కొలిస్తే 840 అడుగులే తేలిందనుకోండి, మీరు ఇస్తున్నది అడుగుకు 5,000. మెట్లు, లిఫ్టు, నడవా అన్నీ మీ ఖాతాలోనే పడ్డాయన్నమాట.

జీఎస్టీ విషయం కూడా స్పష్టం చేయాలి. మన ఊళ్లలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు రెండూ దాటకపోతే 1 శాతం, ఏ ఒక్కటి దాటినా 5. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాకే మొత్తం సొమ్ము చెల్లిస్తే పన్నే లేదు.

పార్కింగ్, కరెంటు మీటరు ధరలో కలిశాయో లేదో ఒప్పందంలో రాయించుకోండి. ‘అన్నీ కలిపేనండీ’ అని తియ్యగా చెప్పినవారే తాళాలిచ్చే రోజున ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు చీటీ తీస్తారు.